ముఖం దాచుకోని నటి

ఒక సినిమా నటి జీవితం కళాశాల వార్షిక సంచికకు తగిన విషయమా అని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. వారి సందేహం నిరాధారమని నేననను. సినిమా పేరిట మన విద్యార్థులు చదువుతున్నది చాలవరకు తారల వేషభాషల ముచ్చట్లే. అయినా ఒక కళాకారిణి బ్రతుకును ఆమె ధరించిన పాత్రలతో కలిపి చదివినప్పుడు, చరిత్ర గ్రంథాలు చెప్పని పాఠం ఒకటి దొరకుతుంది. ఆ నమ్మకంతోనే ఫ్రెంచి నటి సిమోన్ సిగ్నోరేను గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆమె 1921లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో పుట్టి, ఫ్రాన్సులో పెరిగింది. అసలు ఇంటిపేరు కమింకర్. తండ్రి పోలండు మూలాలు గల యూదుడు. 1940లో హిట్లర్ సేనలు ఫ్రాన్సును ఆక్రమించగా ఆయన లండన్ చేరి జనరల్ డిగాల్ పక్షాన నిలిచాడు. తల్లినీ ఇద్దరు తమ్ముళ్ళనూ పోషించే భారం పందొమ్మిదేళ్ళ సిమోన్ మీద పడింది. జర్మన్లకు వంతపాడే ఒక పత్రిక కార్యాలయంలో కొంతకాలం కొలువు చేసింది. ఆ సంగతిని తరువాత 1976లో వెలువడిన తన ఆత్మకథలో ఆమె దాచలేదు. ఆ కొలువు విడిచి సినిమాలవైపు వచ్చినప్పుడు మరొక చిక్కు ఎదురయింది. యూదుని కుమార్తెకు నటించే అనుమతిపత్రం లభించదు. అందుచేత తల్లి పుట్టింటి పేరైన సిగ్నోరేను తన పేరుకు చేర్చుకొని, గుంపులో ఒకతెగా చిన్నచిన్న వేషాలు వేసింది. పేరు దాచుకొంటేనే ప్రాణం నిలిచే రోజులవి. ఈ విషయం జ్ఞాపకముంచుకొంటే ఆమె తరువాతి జీవితం చక్కగా బోధపడుతుంది.

యుద్ధానంతరం ఆమె ప్రతిభ త్వరగానే వెలుగు చూసింది. మాక్స్ ఓఫుల్స్ తీసిన 'లా రోండ్' (1950), జాక్ బెకెర్ తీసిన 'కాస్క్ దోర్' (1952) ఆమెకు ఖ్యాతి తెచ్చాయి. రెండవ చిత్రం ముగింపు మరపురానిది. ప్రియుని శిరచ్ఛేదం జరుగనున్న వేకువజామున, ఆ స్థలం కనబడే ఒక గది కిటికీ దగ్గర ఆమె నిలబడుతుంది. ఏడుపు లేదు, ఆక్రోశం లేదు. కత్తి పడిన క్షణంలో ఆమె తల వాలిపోతుంది. అంతే! ఈ చిత్రాన్ని స్వదేశీయులు మొదట ఆదరించలేదు. బ్రిటన్‌వారు మాత్రం ఆమెను ఉత్తమ విదేశీ నటిగా గౌరవించారు. 1955లో క్లూజో దర్శకత్వంలో వచ్చిన 'లే డియాబొలిక్' ఆమెను లోకమంతటికీ పరిచయం చేసింది.

1959లో విడుదలైన ఆంగ్ల చిత్రం 'రూమ్ ఎట్ ది టాప్'లో ఆమెది ఆలిస్ అనే వివాహిత పాత్ర. వయస్సులో తనకన్నా చిన్నవాడైన జో అనే యువకుణ్ణి ఆమె మనసారా ప్రేమిస్తుంది. అతడు ధనాశతో మిల్లు యజమాని కూతురును వరించి ఈమెను విడిచిపెడతాడు. పరిత్యక్త అయిన స్త్రీ వేదనను సిగ్నోరే అలంకారాల చాటున దాచలేదు. కండ్లక్రింది నీడలనూ, ముఖంలోని అలసటనూ కెమెరా ముందు ఉన్నవి ఉన్నట్లుగా నిలిపింది. ఆ నటనకు కాన్ ఉత్సవంలో బహుమతి, 1960 ఏప్రిల్‌లో ఆస్కార్ లభించాయి. అప్పటికామెకు 39 ఏండ్లు. నడివయసు ఛాయలను దాచని ముఖానికి దక్కిన గౌరవమది.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఆమె మరొక పని చేసింది. అల్జీరియా స్వాతంత్ర్యసమరాన్ని ఫ్రెంచి ప్రభుత్వం సైన్యంతో అణచుతున్న కాలమది. అల్జీరియనులపై ఆయుధం పట్టబోమనే యువకుల నిరాకరణ న్యాయమైనదని 121 మంది మేధావులు, కళాకారులు ఒక ప్రకటన వెలువరించారు. సార్త్ర్ వంటివారి సరసన సిగ్నోరే కూడ సంతకం చేసింది. సంతకం చేసినవారిని ప్రభుత్వం తన రేడియో, టెలివిజన్‌ల నుండి బహిష్కరించింది. నటికి రాజకీయాలెందుకని ప్రశ్నించేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఆమె నమ్మకాలన్నీ సరియైనవేనని నేను వాదించను. సోవియట్ వ్యవస్థపై పెట్టుకొన్న ఆశలు భగ్నమైనవని ఆమెయే గ్రహించింది. కాని ఒకనాడు ప్రాణభయంతో పేరు దాచుకొన్న మనిషి, కీర్తిశిఖరంపై నిలిచిన వేళ, పీడితుల పక్షాన ఆ పేరునే బాహాటంగా వ్రాయడం చిన్న విషయమా?

1969లో మెల్విల్ తీసిన 'లార్మే దేజోంబ్ర్'లో ఆమె మాటిల్డ్ అనే విప్లవకారిణి. శత్రువుల కన్నుగప్పి ఎన్నో సాహసాలు చేసిన ఆ స్త్రీ చేసిన పొరపాటు ఒక్కటే. కుమార్తె ఛాయాచిత్రాన్ని దగ్గర ఉంచుకొన్నది. ఆ మమకారమే ఆమె పాలిట మృత్యువయింది.

ఇక 1977 నాటి 'మేడమ్ రోజా'. మన విద్యార్థులు తప్పక చూడవలసిన చిత్రమిది. రోజా ఆష్విట్జ్ నరకం నుండి బయటపడిన యూదు వృద్ధురాలు. పారిస్‌లోని ఒక పాత భవనంలో, మెట్లెక్కలేక ఆయాసపడుతూ, వేశ్యల పిల్లలను సాకుతుంటుంది. వారిలో మోమో అనే అరబ్బు బాలుని అసలు పేరు మహమ్మద్. ఆమె వానిని తన మతంలోనికి లాగుకోదు. ముస్లిముగానే పెంచుతుంది. ధర్మం బోధించేందుకు హమీల్ అనే ముసలాయన వద్దకు పంపుతుంది. ఆమె మంచాన పడినప్పుడు ఆ బాలుడే ఆమెకు దిక్కవుతాడు. ఈ పాత్రలో సిగ్నోరే ఉబ్బిన శరీరంతో, వడలిన ముఖంతో కనిపిస్తుంది. అప్పటికామె వయస్సు 56. ఒకప్పుడు సౌందర్యానికి పేరుపడిన స్త్రీ ఇంతగా తన్ను తాను మరచిపోవడం సామాన్యం కాదు. యూదు మూలాన్ని దాచి చిత్రరంగంలో అడుగుపెట్టిన యువతి, ముప్పది ఆరేండ్ల తరువాత యూదు తల్లిగా ఒక ముస్లిం బిడ్డను తెరపై గుండెలకు హత్తుకొన్నది. ఈ పాత్రకు ఆమె 1978లో సీజర్ పురస్కారం పొందింది. 1985లో కన్నుమూసింది.

మన చిత్రాలలో అరువది దాటిన కథానాయకుని సరసన ఇరువది యేండ్ల యువతి ఆడిపాడుతుంది. నటీమణికి నాలుగేండ్లు పైబడితే చాలు, తల్లి వేషం సిద్ధం. దోషం నిర్మాతలదే కాదు, చూసే మనది కూడ. అనుభవం గీసిన గీతలను చదవడం మనకు అలవాటు కాలేదు. ఆ అలవాటు కలిగించడం విద్యాలయం చేయదగిన పని. ఉర్దూ, తెలుగు విభాగాలు కలసి ఈ చిత్రాన్ని ఒక సాయంకాలం విద్యార్థులకు చూపించి, రెండు భాషలలోనూ చర్చ జరిపే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని వినయపూర్వకంగా కోరుతున్నాను.

విద్యార్థినులారా! లోకం మీ ముఖాన్ని మాత్రమే చూడవచ్చు. ఆ ముఖం వెనుక ఒక చదువు, ఒక అభిప్రాయం, అవసరమైనచోట పెట్టగల సంతకం ఉండేటట్లు చూచుకొనండి. విద్యార్థులారా! పరుల బిడ్డను అతని ధర్మంలోనే పెంచిన రోజాను జ్ఞాపకముంచుకొనండి. పలు మతాలవారు ఒకే బెంచీపై కూర్చునే మన కళాశాలకు అంతకు మించిన పాఠం లేదు.