గండుపిల్లి మగతనం మీద మనకెందుకంత బెంగ?

మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే దానికి పోయేది రెండు చిన్న గ్రంథులు. మన హాస్టల్లో మాటలు వింటే మాత్రం దాని ఆస్తి, పరువు, భవిష్యత్తు అన్నీ పోయాయనుకోవాలి. ఈ సెలవుల్లో మా ఇంటి పిల్లి బుడ్డోడికి ఆపరేషన్ చేయించామని చెప్పినప్పటి నుంచి నాకు రోజూ పరామర్శలే. "బ్రో, వాడి కెరీర్ అయిపోయింది" అని ఒకడు, "నీకెవరైనా అట్లా చేస్తే ఒప్పుకుంటావా" అని ఇంకొకడు. నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఇదే మాటను నిజమని నమ్మి పిల్లులకు ఆపరేషన్ చేయించని ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆపరేషన్ వల్ల పిల్లికి జరిగే నష్టం మనం ఊహించుకున్నంత లేదు. ఆపరేషన్ తర్వాత మనం చేయాల్సిన పని మాత్రం మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. జనం మొదటిదాని గురించి గంటలు మాట్లాడతారు, రెండోదాని గురించి అడగనే అడగరు.

తప్పు కొంత మన మాటల్లోనే ఉంది. గండుచీమ, గండుతుమ్మెద, గండుపిల్లి. "గండు" అనగానే మనకు మగ అన్న అర్థంతో పాటు పౌరుషం కూడా తగులుతుంది. ఆ పౌరుషం మనం అంటగట్టింది. పిల్లికి దాని సంగతే తెలియదు. అది అద్దంలో చూసుకొని బాధపడదు, పక్కింటి పిల్లి ముందు తలదించుకోదు.

మా పక్కింటి మామ "పాపం, ఇంక వాడు బతికీ ఏం లాభంరా" అన్నప్పుడు మా అవ్వ ఒకటే మాట అనింది: "మీ నాయన కోడెలకు కొట్టిచ్చినప్పుడు ఎవురూ ఏడ్సలేదే. పిల్లికి చేపిస్తే ఇంత సోద్యమా?" ఆలోచిస్తే నిజమే. విత్తులు కొట్టించిన కోడెనే కదా మనం ఎద్దు అంటాం. రాయలసీమ మెట్టపొలాలన్నీ ఆ ఎద్దులు దున్నినవే. ఎద్దును చూసి "పాపం" అన్నవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. పైగా ఆ రోజుల్లో కోడెకు మత్తు కూడా ఉండేది కాదు. పిల్లికి మత్తు ఇచ్చి, నొప్పికి మందిచ్చి చేస్తారు.

ఇక అసలు విషయం. ఆపరేషన్ చిన్నదే. వృషణాల సంచి మీద చిన్న కోత పెట్టి, వృషణాలు తీసి, నాళాన్ని ముడేస్తారు. మగపిల్లికి చాలాసార్లు చర్మానికి కుట్లు కూడా వేయరు, దానంతటదే మూసుకుంటుంది. మేము కర్నూలులో చేయించి, అదే రోజు సాయంత్రం నందికొట్కూరు మీదుగా బస్సులో బుట్టలో పెట్టుకొని ఆత్మకూరు తెచ్చుకున్నాం. అక్కడి నుంచి పని మనది.

మొదటి రాత్రి చూస్తే భయమేస్తుంది. మత్తు దిగుతున్న పిల్లి తాగినోడిలా తూలుతుంది. కంటి మూల నుంచి తెల్లటి పొర సగం కప్పేస్తుంది. పిలిస్తే పలకదు. ఒక్కోసారి మనమీదే బుసకొడుతుంది. ఇవన్నీ మామూలే. అల్మారా మీదికీ, మేడ మీదికీ ఎక్కనీయకుండా నేలమీదే ఒక మసకచీకటి గదిలో ఉంచాలి. మత్తులో ఒంటి వేడి తగ్గిపోతుంది. బయట ఎంత ఎండలున్నా కూలర్ ముందు పడుకోబెట్టకూడదు. నిలకడగా నడవడం మొదలుపెట్టాక కాసిన్ని నీళ్లు, కొద్దిగా తిండి పెట్టాలి. కడుపునిండా ఒకేసారి పెడితే కక్కుతుంది.

మరుసటి రోజుకే అది మామూలుగా గెంతుతుంది. చిక్కంతా అక్కడే, ఎందుకంటే గాయం మానడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. సంచి కొద్దిగా ఉబ్బి ఉంటుంది కాబట్టి "డాక్టరు తీయనేలేదు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అది వాపు, తగ్గుతుంది. పిల్లి గాయాన్ని నాకకుండా మెడకు గరాటు లాంటి కాలర్ వేయాలి. ఇసుక గాయానికి అంటుకుంటుంది కాబట్టి కొన్ని రోజులు దొడ్డికి చింపిన న్యూస్‌పేపర్ వేయాలి. స్నానం వద్దు.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. నొప్పి పుడుతోందేమో అని మన పారాసిటమాల్ మాత్ర ఇవ్వకండి. పిల్లి కాలేయం దాన్ని అరిగించుకోలేదు, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. డెట్టాల్ లాంటివి కూడా పిల్లులకు పడవు. పసుపు, బూడిద పూసినా నాకేస్తుంది. రక్తం ఆగకుండా కారుతున్నా, మూడో రోజుకీ వాపు పెరుగుతూనే ఉన్నా, చీము కనిపించినా, ఒక రోజు దాటినా తిండి ముట్టకపోయినా, మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా రాకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. చివరిది మరీ ముఖ్యం. మగపిల్లికి మూత్రం ఆగిపోతే అది అత్యవసర పరిస్థితి.

"మరి ఎప్పుడు మారుతుంది?" అని అందరూ అడుగుతారు. హార్మోన్ త్వరగానే పడిపోతుంది, అలవాట్లు నిదానంగా పోతాయి. గోడల మీద మూత్రం చిమ్మడం, రాత్రిళ్లు అరుపులు, పొరుగు వీధుల్లో కొట్లాటలు కొన్ని వారాల్లో తగ్గుతాయి. దాదాపు పదింట ఒక పిల్లి మాత్రం చిమ్మడం మానదు. ఆపరేషన్ ముందే ఒంట్లో మిగిలిన వీర్యం వల్ల నెల, నెలన్నర దాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. అందాకా ఆడపిల్లులకు దూరంగా ఉంచాలి. ఆట, వేట, అలక, ఒడిలో ఎక్కి పడుకోవడం ఇవేవీ పోవు. బుడ్డోడు ఇప్పటికీ బల్లుల్ని వదలడు.

మారేది ఆకలి. తిండి మీద ఆశ పెరుగుతుంది, ఒంటికి కావాల్సిన శక్తి దాదాపు పావువంతు తగ్గుతుంది. ఇన్‌పుట్ పెరిగి అవుట్‌పుట్ తగ్గితే మిగిలేది ఏమవుతుందో ఇంజనీరింగ్ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. "ఆపరేషన్ చేయిస్తే లావైపోయి సోమరిగా తయారవుతుంది" అనే మాటలో తప్పు ఆపరేషన్‌ది కాదు, గిన్నె నింపే చేతిది.

ఇంత చాకిరీ ఎందుకు? మా ఆత్మకూరు నల్లమల అంచున ఉంది. 2023 మార్చిలో మాకు దగ్గర్లోని పెద్దగుమ్మాడాపురంలో నాలుగు పులికూనలు దొరికితే, వాటిని తల్లి దగ్గరికి చేర్చాలని అటవీశాఖ వాళ్లు అడవిలో వెతికారు, కుదరక తిరుపతి జూకి పంపారు. దేశమంతా వార్త. అది న్యాయమే. అదే కుటుంబానికి చెందిన పిల్లికూనల్ని గోనెసంచిలో వేసి ఊరిబయట వదిలితే వార్త కాదు. సంచి కట్టే చేతులు చెడ్డవాళ్లవి కావు, ఈతకు నాలుగు చొప్పున ఏడాదికి రెండు మూడు ఈతలు చూసి విసిగిపోయిన వాళ్లవి.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఒక్క మగపిల్లికి చేయిస్తే ఊళ్లో పిల్లుల సంఖ్య తగ్గదు, దాని పని ఇంకో గండుపిల్లి చేస్తుంది. సంఖ్య తగ్గాలంటే ఆడపిల్లులకూ చేయించాలి. మగపిల్లికి చేయించడం వల్ల ముందు లాభపడేది ఆ పిల్లే. రోడ్లు దాటి తిరగడం తగ్గుతుంది, కొట్లాటలు తగ్గుతాయి. కొరుక్కోవడం వల్ల పిల్లుల మధ్య పాకే ఎఫ్‌ఐవీ వైరస్ ప్రమాదమూ తగ్గుతుంది.

"ఇది ప్రకృతికి విరుద్ధం" అనే వాదనను నేను తేలిగ్గా తీసేయను. అడగకుండా ఒక ప్రాణి ఒంటిమీద కత్తి పెట్టడం చిన్న విషయం కాదు. కానీ మన పెరుగన్నం తిని, మన మంచం కింద పడుకొని, మన లారీల కింద చచ్చిపోయే పిల్లి ఎప్పుడో ప్రకృతిని వదిలి మన దగ్గరికి వచ్చేసింది. దాని బతుకులో సగం నిర్ణయాలు మనవే. ఈ ఒక్కటి తీసుకోకపోవడం కూడా నిర్ణయమే, దాని బిల్లు పిల్లికూనలు కడతాయి.

మన మెస్ వెనక రెండు గండుపిల్లులున్నాయి. ఒకదానికి చెవి చీలింది, ఇంకోదానికి ముఖం మీద చీముపట్టిన గాయం. వచ్చే సెమిస్టర్ మొదట్లో వాటికి చేయిద్దామని నా ప్రతిపాదన. ఖర్చు తలా కొంత వేసుకోవచ్చు. దొరకనిది గది: పది రోజులు తలుపు వేసి ఉంచుకోగలిగే గది, రోజుకు రెండుసార్లు గాయం చూసే ఇద్దరు మనుషులు, పాత న్యూస్‌పేపర్లు. జోకులు వేసినవాళ్లతో సహా ఎవరైనా రావచ్చు. పేర్లు క్లబ్ గ్రూపులో ఇవ్వండి.