అటకెక్కిన ఆర్-వేల్యూ

న్యూజెర్సీ లాంటి చోట పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు నలుగురు కలిస్తే, గంటలో మాట గ్యాసు బిల్లు మీదకీ, అక్కణ్ణించి అటక మీదకీ వెళ్ళిపోతుంది. అటకంటే ఆవకాయ జాడీలు దాచుకునే మన అటక కాదండోయ్, కప్పుకీ సీలింగుకీ మధ్య ఉండే యాటిక్. "ఆర్-38 బ్యాట్లు తెచ్చి పరిచేశాం, అయినా పై గదిలో చలే" అంటారొకాయన. "అయితే ఇంకో పొర వేసెయ్ గురూ" అని ఇంకొకాయన సలహా. నా గొడవంతా ఈ రెండో ఆయనతోనే.

ఆర్-వేల్యూ అంటే వేడిని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పే అంకె. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన నియమం పుణ్యమా అని ఇన్సులేషన్ కట్ట మీద అది రాసి ఉంటుంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే అది ల్యాబులో, సందు లేకుండా, నొక్కకుండా కొలిచింది. వెండర్ ఇచ్చిన బెంచ్‌మార్కు చూసి ప్రొడక్షన్ సర్వర్ కొనని మనం, ఇక్కడ మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేస్తాం :)

చిన్న లెక్క చూడండి. అటకలో 95 శాతం మేర ఆర్-38 ఉంది, 5 శాతం ఖాళీ. ఆ ఖాళీలో ఒట్టి సీలింగు బోర్డుకి, దానికి అంటుకున్న గాలి పొరలతో కలిపి ఆర్-2 అనుకుందాం. వేడి రెండు దారుల్లోనూ పోతుంది కాబట్టి 0.95ని 38తో, 0.05ని 2తో భాగించి కలపాలి. రెండూ 0.025 చొప్పున, మొత్తం 0.05. తిరగేస్తే ఆర్-20! 15 అంగుళాల బ్యాటు పక్కన ముప్పావు అంగుళం సందు వదిలితే చాలు, ఆ 5 శాతం అయిపోయినట్టే. అవే సందులు వదులుతూ ఇంకో పొర వేసి ఆర్-76 చేశారనుకోండి, చేతికొచ్చేది 27 కూడా నిండదు. (రెండో పొరని మొదటిదానికి అడ్డంగా పరిస్తే సందులు కప్పుకుపోతాయి. పరిచేవాళ్ళేరీ?)

ఇందులో గాలి సంగతి ఇంకా కలపనే లేదు. ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు. వైర్ల కోసం, పైపుల కోసం వేసిన కన్నాల్లోంచీ, అటక మూత అంచుల్లోంచీ వెచ్చటి గాలి చలికాలమంతా పైకి పోతూనే ఉంటుంది. మన వంటింటి ఆవిరీ, బాత్రూమ్ ఆవిరీ దాంతోపాటే వెళ్ళి చల్లటి కప్పు చెక్కకి నీరై పడతాయి, ఆ తర్వాత బూజు. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి కాకుండా అటకలోకే వదిలేసిన ఇళ్ళూ ఉన్నాయి. కాబట్టి ముందు కన్నాలు ఫోమ్‌తో, కాక్‌తో మూయాలి. చిమ్నీ చుట్టూ మాత్రం ఫోమ్ వద్దు, రేకూ, మంటకి ఆగే కాకూ వాడాలి.

నన్నడిగితే వైర్లూ పైపులూ అల్లుకుపోయిన పాత అటకకి బ్యాట్లు సరైన సరుకే కాదు. ఊది పోసే సెల్యులోజ్ సందుసందుకీ చేరుతుంది. దూలాలు 16 అంగుళాలకో 24 అంగుళాలకో వరసగా ఉండి, మధ్యలో అడ్డాలు లేకపోతే బ్యాట్లు భేష్. చలి ప్రాంతంలో కాగితం ఉన్న వైపు కిందకి, గది వైపు ఉండాలి. పై పొరకి కాగితమే ఉండకూడదు. వైరు అడ్డొస్తే దాని కింద కుక్కకుండా బ్యాటుని చీల్చి రెండు వైపులా పెట్టండి. చూరు దగ్గర గాలి వచ్చే దారి మూయొద్దు. బూడిదరంగులోనో, బంగారు రంగులోనో గులకల్లాంటి పాత వర్మిక్యులైట్ కనపడితే ముట్టుకోకుండా దిగిపోండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, టెస్టు చేయించాలి.

ఇన్సులేషన్ సరుకు మీద 2023 నుంచి 30 శాతం దాకా (ఏడాదికి 1200 డాలర్లు మించకుండా) వచ్చిన ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఖర్చంతా ఇప్పుడు మన జేబుదే. కాంట్రాక్టర్ కోట్‌లో ఆ క్రెడిట్ ఇంకా చూపిస్తుంటే తిరగరాయమనండి. పనిలో పనిగా, ఎయిర్ సీలింగ్‌కి వేరే లైను ఉందో లేదో కూడా చూడండి.