కాలువ తవ్వించిందెవరు, తవ్విందెవరు?

పరాయి పాలన పోయిన ప్రతి దేశంలోనూ ఒక మాట మిగిలిపోతుంది: "దోచుకుంటే దోచుకున్నారు గానీ, రోడ్లు వేశారు, కాలువలు తవ్వించారు." సోమాలియాలో ఇటలీ పాలన గురించి ఈ వాదం నేటికీ తెగలేదు. ఇటలీ వాళ్ల బడులనూ, కట్టడాలనూ మెచ్చుకునేవారు అక్కడ ఉన్నారు. వాళ్లు నేర్పిన పాస్తా సోమాలీల ఇళ్లలో రోజువారీ తిండి అయింది. కానీ షెబెల్లి, జుబ్బా నదుల ఒడ్డున సేద్యం చేసిన కుటుంబాల జ్ఞాపకం వేరు. రైతు సంఘంగా మేము ఈ వాదాన్ని ఆ పొలాల గట్టు మీద నిలబడి చూడదలిచాం.

అప్పట్లో సోమాలీలలో ఎక్కువమంది పశువుల కాపరులు. నీటి వసతి ఉన్న సాగునేల ప్రధానంగా ఈ రెండు నదుల వెంటే ఉంది. దాన్ని దున్నేవారిలో చాలామంది తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి సంతతి. తీరప్రాంతాన్ని ఏలుతున్న కంపెనీ బానిసత్వాన్ని సాగనిస్తోందని ఇటలీలోనే గగ్గోలు పుట్టింది. 1905లో ప్రభుత్వం పాలనను తన చేతికి తీసుకుంది. ఆ కాలంలో వేలమంది బానిసలు విడుదలయ్యారు. ఆ మేలును మేము కాదనం. అయితే విడుదలైన ఆ చేతుల్ని తర్వాత ఏం చేశారన్నది కూడా చెప్పాలి.

1920లో ఇటలీ రాజవంశీకుడు అబ్రుజ్జి డ్యూక్ ఒక వ్యవసాయ కంపెనీ పెట్టి, ఇప్పటి జొహార్ దగ్గర షెబెల్లి నీటితో పత్తి, చెరకు, అరటి వేయించాడు. 1923లో ఫాసిస్టు నాయకుడు దె వెక్కి గవర్నరుగా వచ్చాడు. జెనాలే వద్ద ఆనకట్ట 1926లో పూర్తయింది. దాని కింది భూములు ఇటలీ నుంచి వచ్చినవారికి దక్కాయి. భూమి ఉంది, నీళ్లున్నాయి, కూలీలే రాలేదు. ఎందుకొస్తారు? వాన పడితే ఎవరి జొన్న, మొక్కజొన్న, నువ్వులు వారు వేసుకోవాలి కదా! దాంతో ఊరికింతమందిని పంపాలని హుకుం జారీచేసి, మనుషుల్ని పట్టుకుపోయారు. మన భాషలో దానికి ఉన్న పేరు వెట్టి. జుబ్బా లోయలో పెద్దలు ఆ కాలాన్ని 'కొలోన్యా' అంటారు. తోటల్లో పని ముమ్మరంగా ఉన్నప్పుడే సొంత చేనుకూ అదును. దొర తోట పచ్చగా ఉంటే, రైతు చేను బీడు పడింది.

ఇది ఇటలీ శత్రువులు కట్టిన కథ కాదు. మొగదీషులో ఫాసిస్టు పార్టీ బాధ్యుడిగా పనిచేసిన సెరజనెత్తి 1933లోనే రాసిపెట్టాడు, ఇది బానిసత్వం కన్నా అధ్వానమని. డబ్బు పెట్టి కొన్న బానిస చస్తే యజమానికి నష్టం. సర్కారు పట్టి తెచ్చిన కూలీ చస్తే ఇంకొకడు వస్తాడు. ఆయన వాదన సారాంశం అదే.

పత్తి ధర పడిపోయాక తోటలన్నీ అరటి వైపు మళ్లాయి. 1935లో ఇటలీ అరటి వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందకు తెచ్చింది. 1941లో బ్రిటిష్ సైన్యం ఇటలీని ఓడించాక వెట్టి ఆగింది. కానీ 1950లో ఐక్యరాజ్యసమితి పదేళ్ల పర్యవేక్షణను మళ్లీ ఇటలీకే అప్పగించింది. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు సోమాలీ అరటికి ఇటలీలో రక్షిత మార్కెట్టు సాగింది. ఎగుమతులు పెరిగిన మాట నిజం. అయితే లాభం తోట యజమానికి చేరింది. గెల మోసిన వాడికి కూలే దక్కింది.

తప్పంతా ఇటలీ మీదకే నెట్టేస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. 1975లో సోమాలీ ప్రభుత్వమే భూమంతా రాజ్యానిదని చట్టం చేసింది. సాగు హక్కు కావాలంటే నమోదు చేయించుకోవాలంది. కాగితం, పలుకుబడి ఉన్నవారు నమోదు చేయించుకున్నారు. తరాలుగా దున్నిన చిన్న రైతులు తమ నేల మీద తామే పరాయివాళ్లయ్యారు. 1991లో ప్రభుత్వం కూలాక తుపాకీ ఉన్నవాడు ఆ పొలాలను ఆక్రమించాడు. అరటి పెట్టెల మీద సుంకం కోసం ముఠాలు కొట్టుకున్నాయి. 1997 చివరి వరదలు తోటల్నీ కాలువల్నీ ముంచేశాయి. పాలకులు మారారు గానీ, నది ఒడ్డు నేల దున్నేవాడిది కాదన్న పద్ధతి మారలేదు. వలస పాలన వదిలిన అసలు వారసత్వం ఇదేనని మా అభిప్రాయం.

కాబట్టి ఆనకట్ట మంచిదా చెడ్డదా అన్నది మా ప్రశ్న కాదు. నీరు ఎవరు పారించినా పంటకు మంచిదే. అది ఎవరి చేతులతో కట్టించారు, దాని కింద భూమి ఎవరి పేర రాశారు, పంట ధర ఎవరు నిర్ణయించారు? ఏ పాలననైనా, మన పాలననైనా, ఈ మూడు ప్రశ్నలతోనే రైతు తూకం వేయాలి. సంఘం సమావేశాల్లో ఎవరైనా ఒక ప్రాజెక్టును పొగిడినప్పుడు, ఈ మూడూ అడగడం మరవకండి.