ఎవరూ చూడని చోట ఎంత చెల్లిస్తావు?

ఈ మధ్య మా సిద్దిపేట చుట్టుపక్కల గ్రామాలలో తలిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మావాడు ఎప్పుడు చూసినా ఆటలోనే ఉంటాడు. ఇదేమిటిరా అంటే, ఇది ఉత్త ఆట కాదమ్మా, కథ; ఇందులో ఏం చెయ్యాలో నేనే నిర్ణయించుకోవాలి అంటాడు. ఇది మంచిదా, చెడ్డదా?" అని.

కత్తులు, మంత్రాలు, రాక్షసులు కనబడుతున్నాయి గనుక చెడ్డదే అనడం తేలిక. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వచ్చింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరించి కథ నడుపుకొనే ఆట అది. 1980లలో అక్కడి సంఘాలు అనేకం దానికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడాయి. మాట్లాడినవారిలో ఆ ఆటను దగ్గర కూర్చొని చూసినవారు తక్కువేనని నా అనుమానం. కనుక ముందు ఆ కథ ఎట్లా నడుస్తుందో చూద్దాము.

బొమ్మలు చూపి కథ చెప్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన చేర్యాల ఊరిని తీసుకోండి. అక్కడి నకాషీ పనివారు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేలమీద బొమ్మలు గీస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు మించిన పొడవు గల పటాలు కూడా ఉండేవి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఆ పటం కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా కథ చెప్పేవారు. వినేవారికి ముగింపు ముందే తెలుసు. అయినా లేచి వెళ్లేవారు కారు, ఎందుకంటే అది తమ వంశం కథ. అయితే కథను మలుపు తిప్పే వీలు వారికి లేదు. పటం మీద గీసిందే జరుగుతుంది.

వైకుంఠపాళి మరొక రకము. నిచ్చెనలకు సుగుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు పెట్టి, పిల్లలకు నీతి నేర్పాలని ఎవరో పెద్దలు ఆలోచించి చేసిన ఆట అది. నిచ్చెన ఎక్కిన పిల్లవాడు నిజంగా ఏమైనా సుగుణం చూపాడా? లేదు. గవ్వలు అట్లా పడ్డాయి, అంతే. పాము మింగినవాడు కూడా ఏ పాపమూ చేయలేదు.

పటంలో కథ ఉన్నది గాని నిర్ణయం లేదు. వైకుంఠపాళిలో నీతి పేర్లు ఉన్నాయి గాని అక్కడా నిర్ణయం లేదు. నిర్ణయం ఆడేవాని చేతికే ఇస్తే ఏమవుతుంది? దీన్ని పరీక్షించి చూసినవారిలో ముఖ్యుడు రిచర్డ్ గ్యారియట్. ఆయన తండ్రి ఓవెన్ గ్యారియట్ 1973లో అంతరిక్షానికి వెళ్లివచ్చిన శాస్త్రవేత్త. కుమారుడు యౌవనంలోనే కంప్యూటర్ కోసం 'అల్టిమా' అనే ఆటల వరుసను మొదలుపెట్టాడు. 1981 నుండి 1999 వరకు తొమ్మిది భాగాలు వచ్చాయి. బ్రిటానియా అనే ఊహాలోకం, దాన్ని రక్షించవలసిన ఒక పరదేశి, ఇదీ కథ.

మొదటి మూడు భాగాలలో పని ఒక్కటే: దుష్టుణ్ణి వెదకి చంపడం. మధ్యలో ఏం చేసినా అడిగేవారు లేరు. మొదటి భాగంలో చెరలో ఉన్న రాజకుమారిని విడిపించాలంటే, తాళంచెవి ఉన్నది గనుక రాజుగారి కొలువులోని విదూషకుణ్ణి చంపాలి! ఆ మనిషి చేసిన తప్పేమిటో ఎవరూ చెప్పరు. దుకాణాలు దోచుకోవచ్చు, ఊరివాళ్లను నరకవచ్చు. చివరికి అందరూ వీరుడని పొగుడుతారు. 1983లో మూడవ భాగాన్ని గ్యారియట్ తన సొంత కంపెనీ నుండే విడుదల చేయడంతో ఆడినవారి ఉత్తరాలు నేరుగా ఆయనకే రాసాగాయి. తన ఆటలో జనం దొంగతనాలతో, హత్యలతో గెలుస్తున్నారని ఆయనకు తెలిసివచ్చింది. పెట్టె మీది దయ్యం బొమ్మ చూసి, పిల్లలను పాడుచేస్తున్నావని మండిపడిన భక్తిపరుల ఉత్తరాలూ వచ్చాయి. ఆయన కోపగించుకోవచ్చు, లేదా నవ్వి ఊరుకోవచ్చు. అవేవీ చేయక 1985లో నాలుగవ భాగం తెచ్చాడు. నా దృష్టిలో ఈ వరుసకంతటికీ మలుపు ఇదే.

ఈ భాగంలో చంపవలసిన దుష్టుడు లేడు. సత్యము, కనికరము, ధైర్యము, న్యాయము, త్యాగము, మాన మర్యాద, ఆత్మీయత, దీనమనస్సు, ఈ ఎనిమిదింటిలోనూ ఎదిగి 'అవతార్' అనిపించుకోవాలి. మాట మన దేశానిదే, హిందూ గ్రంథాలలోనిది. అయితే మన దగ్గర అవతారమంటే పైనుండి దిగిరావడం. ఆయన దాన్ని మనిషి పైకి ఎదగడానికి వాడుకున్నాడు.

మొదట్లో ఒక సోదెగత్తె ప్రశ్నలు వేస్తుంది. ఒకరు నమ్మి నీ చేతికి బంగారు నాణెముల సంచి ఇచ్చి ఫలానావారికి అందజేయమన్నారు. లెక్కపెట్టి ఇచ్చినవి కావు. దారిలో బిచ్చగాడు చేయి చాపాడు. ఒక్కటి తీసి ఇస్తావా, సంచి ఉన్నదున్నట్టు అప్పగిస్తావా? కనికరం గొప్పదా, నమ్మకం గొప్పదా? ఇక్కడ మంచికీ చెడ్డకూ మధ్య పోటీ లేదు. రెండూ మంచివే, ఒకటి వదలుకోవాలి. ఇట్లా ఏడు ప్రశ్నలు. జవాబులను బట్టి నీ వృత్తి నిర్ణయమవుతుంది. దీనమనస్సును ఎన్నుకొన్నవాడు ఏమవుతాడో తెలుసా? గొర్రెల కాపరి! పోరాటంలో అందరికంటె బలహీనుడు. వాని ప్రయాణం మొదలయ్యేది, గర్వం వల్ల నాశనమై దయ్యాలు తిరిగే పాడుబడిన ఊరి దగ్గర. సువార్తలు చదువుకొన్న మన ఇళ్లలో ఈ చమత్కారం వివరించనక్కర లేదు.

ఇక అసలు విషయము. ఆ లోకంలో మూలికలు అమ్మే అంగడివారికి చూపు లేదు. సరుకు తీసుకొని, ఎంత ఇవ్వాలో వారు చెప్పిన తరువాత, నీ చేతితో నీవే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువ ఇచ్చినా వారికి తెలియదు, థాంక్స్ చెప్పి పంపిస్తారు. గంట మోగదు, శిక్ష పడదు. ఆట మాత్రం ఎక్కడో లోపల రాసిపెట్టుకొంటుంది. చాలా రోజుల తరువాత, ఎందుకు ముందుకు పోలేకపోతున్నానా అని ఆడేవాడు తల పట్టుకొన్నప్పుడు ఆ పాత నాణెములు అడ్డం వస్తాయి. పిల్లవానికి నిర్ణయం అప్పగించడమంటే ఇదని నా అభిప్రాయం. తెర మీద రెండు గడులు చూపించి "ఇది నొక్కితే మంచివాడివి, అది నొక్కితే చెడ్డవాడివి" అని ముందే చెప్పేస్తే, పరీక్షకు ముందే జవాబులు అందించినట్టే గదా!

1988 నాటి ఐదవ భాగం ఇంకా లోతుగా పోయింది. రాజు కనబడకుండా పోతాడు. బ్లాక్‌థార్న్ అనే అధికారి అవే ఎనిమిది గుణాలను చట్టాలుగా మారుస్తాడు. అబద్ధమాడితే నాలుక పోతుంది. సంపాదనలో సగం దానం చేయకపోతే ఉన్న సంపాదనా పోతుంది. గుణాలు అవే, ఊళ్లలో మాత్రం భయం. వాని చేతికి చిక్కితే ఒక రహస్య మంత్రం చెప్పమంటాడు. చెప్తే ఒక పుణ్యస్థలం కూలుతుంది, చెప్పకపోతే నీ తోటివాణ్ణి నీ ఎదుటే చంపుతాడు, వాడు మళ్లీ లేవడు.

1990లో వచ్చిన ఆరవ భాగం నాకు అన్నిటికంటె ఇష్టము. రెక్కలతో, అచ్చం దయ్యాల్లా ఉండే గార్గాయిల్ అనే జాతి దేశం మీద పడుతుంది. చంపుకొంటూ పోతాము. పోగా పోగా తెలిసేదేమిటంటే, నాలుగవ భాగం చివర మనము పొందిన జ్ఞానగ్రంథం వారిది. వారి దృష్టిలో మనమే దొంగలము, మనమే అబద్ధ ప్రవక్తలము. వారికీ వారి నీతి ఉన్నది. చివరికి ఆ గ్రంథాన్ని ఇరువురూ చూడగల చోటికి పంపి సమాధానపడాలి. అయిదేళ్ల క్రితం గెలిచిన గెలుపును తప్పుపట్టి చూపించిన కథ!

తరువాతి భాగాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1992 నాటి ఏడవదానిలో లోకం అద్భుతంగా పెరిగింది. పిండి కలిపి పొయ్యిలో రొట్టె కూడా కాల్చుకోవచ్చు. కాని మన గుణాల లెక్క రాసుకొనే పద్ధతి పోయింది. అదే ఏడాది కంపెనీ చేతులు మారింది. 1994 నాటి ఎనిమిదవదానిలో బయటపడాలంటే చెడ్డపనులు చేయక తప్పదు, మరో దారి పెట్టలేదు. 1999 నాటి తొమ్మిదవది పేరుకు ముగింపు.

వీటి మధ్య 1997లో అదే లోకాన్ని వేలమంది ఒకేసారి కలిసి ఆడేట్టు 'అల్టిమా ఆన్‌లైన్' పేరుతో తెరిచారు. ఈసారి ఎదురుపడేవారు బొమ్మలు కారు, మనలాంటి మనుషులు. పొలిమేర దాటగానే మాటువేసి కొత్తవారిని చంపి దోచుకోవడం మొదలైంది. చివరకు 2000లో లోకాన్ని రెండుగా చేసి, ఒకదానిలో అవతలివారి సమ్మతి లేకుండా చంపడానికి వీలు లేదని కట్టడి పెట్టవలసి వచ్చింది. అంగడివారి దగ్గర నాణెములు లెక్కపెట్టడం నేర్పిన లోకంలోనే ఇది జరిగింది. బ్లాక్‌థార్న్ పద్ధతి కొంత అవసరమేనేమో అనిపిస్తుంది నాకు, ఆ మాట అనడం ఇష్టం లేకపోయినా.

కనుక మీవాడు ఆడే ఆట పేరు నాకు రాసి మంచిదా చెడ్డదా అని అడిగేకంటె, ఒక పూట ప్రక్కన కూర్చోండి. అందులో వాడు ఎవరినైనా మోసం చేయగలడా, చేస్తే ఆ తరువాత ఏమవుతుందని అడగండి. కోప్పడకుండా అడిగితే చెప్తాడు. కంప్యూటర్ ఉన్నవారికి ఆ నాలుగవ భాగం ఉచితంగానే దొరుకుతున్నది. బొమ్మలు మాత్రం నేటి పిల్లలకు నవ్వు తెప్పించేంత పాతవి. ఇంగ్లీషు కూడా పాత ఇంగ్లీషు బైబిలు ధోరణిలో ఉంటుంది. ఇంటర్ చదివే అక్కో అన్నో ప్రక్కన ఉండి అర్థం చెప్పవలసి వస్తుంది.