ఎకరాల కంటే ముందు మూలనిధి

తెలుగు పట్టణాల్లో ‘ఇంటర్నేషనల్’ బోర్డులకు కొదవ లేదు. వాటి కింద జరిగేది చాలావరకు జేఈఈ, నీట్ కోచింగే. అందుకే మూడు నాలుగు వందల మంది విద్యార్థులతో, పలు దేశాల చరిత్ర, భాషలు, ఆర్థిక వ్యవస్థలు కలిపి బోధించే చిన్న ప్రైవేటు కళాశాల పెడతామని ఎవరైనా ముందుకొస్తే సంతోషించాల్సిందే. కానీ వారిని మొదట అడగాల్సింది ఒక్కటే: సీట్లు నిండని ఏడాది అధ్యాపకులకు జీతాలు ఎక్కడి నుంచి తెస్తారు?

ఈ ప్రశ్న పాతదే. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు గడిపి ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి మార్చిన రవీంద్రులు, రెండేళ్ల తర్వాత శాంతినికేతన్‌లో విశ్వభారతిని లాంఛనంగా ప్రారంభించారు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ తొలి అతిథి ఆచార్యుడిగా వచ్చారు. చైనా పండితుడు తాన్ యున్‌షాన్ తన దేశంలో విరాళాలు, పుస్తకాలు సేకరించి తేగా 1937లో అక్కడ చైనా అధ్యయనాలకు చీనా భవన్ వెలిసింది. మన బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతిలో చదువుకున్నవారే. విద్వత్తుకు లోటు లేదు, లోటంతా ఖజానాకే. నోబెల్ అందుకున్న కవి 1936లో, 74 ఏళ్ల వయసులో, నృత్యనాటక బృందాన్ని వెంటబెట్టుకుని నిధుల కోసం ఊళ్లు తిరిగారు. అది చూసి నొచ్చుకున్న గాంధీజీ ఢిల్లీలో 60,000 రూపాయలు సమకూర్చి, ఇక తిరగవద్దన్నారు. ఆ పూటకు గండం గడిచింది. నిలకడైన ఆదాయం మాత్రం 1951లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయ్యాకే వచ్చింది. దాంతోపాటే సర్కారీ నిబంధనలూ వచ్చాయనుకోండి.

సర్కారు ఆదుకోని చోట ఏమవుతుందో కెనడాలోని క్వెస్ట్ యూనివర్సిటీ చూపించింది. స్క్వామిష్ పట్టణంలో 2007లో మొదలైన ఈ లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థలో తరగతికి 20 మందే, ఒక విడతలో ఒకటే సబ్జెక్టు. విద్యార్థులు మెచ్చుకున్నారు, అప్పులవాళ్లు ఆగలేదు. 2020లో అది కోర్టు రక్షణ కోరి, ప్రాంగణం అమ్ముకుని, 2023 ఏప్రిల్‌తో తరగతులు ఆపేసింది. బోధన బాగుంటే డబ్బు దానంతటదే వస్తుందన్న నమ్మకం అక్కడే తేలిపోయింది.

ఇంత కష్టమైతే చిన్నది ఎందుకు, పెద్దదే పెట్టొచ్చుగా అంటారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 2040 నాటికి ఒక్కో సంస్థలో 3,000 మందికి పైగా విద్యార్థులుండాలని ఆశిస్తోంది. ఖర్చు లెక్కలో ఆ వాదన సబబే. అయితే నాలుగు దేశాల పిల్లలు ఒక బల్ల చుట్టూ కూర్చుని వాదించుకునే చదువు 120 మంది సెక్షన్లో సాగదు. ఇది డబ్బున్నవాళ్ల చదువన్నది మరో ఆక్షేపణ. ఫీజుల మీదే బతికితే తప్పకుండా అలాగే అవుతుంది. మూలనిధి వడ్డీ మీద ఉపకార వేతనాలిస్తేనే అనంతపురం రైతు బిడ్డకు సీటు దొరుకుతుంది. విదేశీ వర్సిటీలే వస్తున్నాయి కదా అనేవారు 2025లో గురుగ్రామ్‌లో తెరుచుకున్న సౌతాంప్టన్ ప్రాంగణం కోర్సులు చూడాలి. బిజినెస్, ఫైనాన్స్, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్. మార్కెట్ అడిగేవి. వాటిలో తప్పేమీ లేదు గానీ, జపాన్ భాషనో ఆఫ్రికా చరిత్రనో మన పిల్లలకు చెప్పే బాధ్యత వాటికి లేదు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇలాంటి కళాశాలలకు భూమి, భవనాల షరతులు సడలించి, కనీసం అయిదేళ్ల జీతాలకు సరిపడే నిధిని ముందుగా బ్యాంకులో చూపమనాలి. దాన్ని యాజమాన్యం ముట్టుకోకుండా ట్రస్టు పత్రంలోనే కట్టడి చేయాలి. సొంతూళ్లకు ఏదైనా చేయాలనుకునే ప్రవాస తెలుగువారికీ ఒక మనవి: భవనం మీద పేరు అడగకండి, ఒక అధ్యాపకుడి జీతానికి శాశ్వత నిధి ఇవ్వండి.