పరదేశమున మన విద్యార్థులు

శ్రావణమాసము వచ్చుచున్నదనగా శంషాబాదు విమానాశ్రయమున నడిరేయి యొక తిరునాళ్ల సాగును. ఒక్కొక్క విద్యార్థి వెంట పదిమంది బంధువులు, రెండు పెద్ద పెట్టెలు. బరువు హెచ్చినదని అక్కడివారు చెప్పగానే తల్లి పెట్టె తెఱచి పుస్తకములను తీయునే గాని ఆవకాయ పొట్లమును తీయదు. అందు తప్పేమియు లేదు. తండ్రి మాత్రము ఒకింత దూరముగ నిలిచి, బ్యాంకి ఋణమును, దానికి తాకట్టుపెట్టిన యింటిని, కట్టవలసిన వాయిదాలను మనసులో లెక్కించుకొనుచుండును. బిడ్డ లోనికి పోయిన పిమ్మట అందఱును ఇండ్లకు మరలుదురు. ఆవలి యొడ్డున వాని కెవరు ఎదురువత్తురో, తొలిరాత్రి యెవరి పంచన తలదాచుకొనునో చెప్పగలవారు ఆ పదిమందిలో ఒక్కరైన నుండుట అరుదు.

2023–24 విద్యాసంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేట మనవారు చైనావారిని మించి అచ్చటి పరదేశ విద్యార్థులలో ప్రథమస్థానము నందిరి. అందు తెలుగుబిడ్డల పాలెంతటిదో మన పట్టణముల వీధులే చెప్పుచున్నవి. గుంటూరు వెళ్లినను వరంగల్లు వెళ్లినను పరీక్షలకు తరిఫీదిచ్చు శాలలు, దరఖాస్తులు నింపు దుకాణములు, ఋణములిప్పించు మధ్యవర్తులు వరుసగ కానవత్తురు. బిడ్డను సముద్రము దాటించుటకు ఇందఱున్నారు. దాటిన పిమ్మట వాని మంచిచెడ్డలు కనుగొనువా రెవరని యడిగిన, ఈ వీధులలో జవాబు దొరకదు.

ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. 1888లో మోహన్‌దాసు గాంధి యను పందొమ్మిదేండ్ల యువకుడు ఓడ దిగునప్పుడు తెల్లని ఫ్లానెల్ దుస్తులు ధరించి దిగెను. శరత్కాలపు చలిలో అట్టి దుస్తులలో నున్నవాడు తానొక్కడే యని తెలిసికొని సిగ్గుచే క్రుంగెను. ఆ సాయంకాలము ప్రాణజీవన మెహతాగారు హోటలునకు వచ్చి చూచిరి. మెహతాగారును అప్పటికి లండనులో చదువుకొనుచున్నవారే, కొలది కాలము ముందు వచ్చినవారే. మాటల నడుమ గాంధి వారి పట్టుటోపీని చేతబట్టి నూగును ఎదురు దువ్వెనట! మెహతాగారు కోపగించుకొనలేదు. పరుల వస్తువులను ముట్టరాదు, తొలిపరిచయముననే ప్రశ్నలు వేయరాదు, బిగ్గరగా మాటాడరాదు అని అన్నవలె చెప్పిరి. పిదప, నీవిట్లు ఒంటిగ నుండవలదని, ఒక మిత్రునియొద్ద కొన్నాళ్లుంచి ఆ దేశపు నడవడి నేర్పించిరి. రాత్రులు తల్లిని తలచుకొని కన్నీరు కార్చుచుండిన ఆ బాలుడు లండనులో నిలద్రొక్కుకొనుటకు ఇట్టి స్నేహములే ఆధారమైనవి. అంతటితో తన పని తీరినదని గాంధి తలచలేదు. దేశమునకు తిరిగివచ్చిన కొలది సంవత్సరములకే, తన వెనుక రాబోవువారి కొఱకు, ఏ దుస్తులు కొనవలెనో, ఏమి తినవలెనో, వారమునకొక పౌనుతో ఎట్లు బ్రతుకవచ్చునో వివరించుచు లండనుకు ఒక మార్గదర్శిని వ్రాసెను. అది వారి జీవితకాలమున అచ్చుకాలేదు. అయినను సాయమందినవాడు సాయము చేయవలెనను ఋణభావ మందు కనబడుచున్నది.

కేంబ్రిడ్జిలో 1891లోనే భారతీయ విద్యార్థులు మజ్లిస్ అను సభను తమకు తామే స్థాపించుకొనిరి. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మగారు లండనులోని హైగేటున ఇండియాహౌస్ తెఱచి విద్యార్థులకు వసతి కల్పించిరి. దొరతనమువారు దీనిని చూచి కలతపడి, 1909లో విద్యార్థులకు సమాచారమిచ్చుట కని తామే యొక కార్యాలయమును పెట్టిరి. ఆ కార్యాలయమువలన కొంద ఱుపకారము పొందిరి. కాని తమపై నిఘా యుంచుటకే యది వెలసినదని యెక్కువమంది విద్యార్థులు శంకించిరి. సర్కారు బల్లముందు చేతులు కట్టుకొని నిలిచి మనసులోని దిగులు చెప్పుకొనువా డుండునా? తోటివాని ముందట చెప్పుకొనును. ఈ భేదమును నాటి యధికారులు తెలిసికొనలేకపోయిరి.

మనవారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 దశాబ్దపు తొలినాళ్లలో బోస్టను చేరి, పొట్టకొఱకు ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరు పనిచేయుచు చదివిరి. వారి ఘనతను సభలలో కొనియాడుదుము. ఆ రాత్రులలో వారిని పలుకరించిన దెవరని మాత్రము అడుగము.

నేటి విద్యార్థికి విశ్వవిద్యాలయమువారు తొలివారమున ఉపన్యాసములిచ్చి, పటములు పంచి, నియమములు చదివి వినిపింతురు. అవి కావలసినవే. కాని అద్దె ఒడంబడికపై సంతకము చేసిన పిదప నడుమ విడిచిపోయిన నష్టమెవరిదో, గురువును పేరు పెట్టి పిలుచుట ఆ దేశమున అమర్యాద కాకపోవుటేమో, ఇతరుని వ్యాసమునుండి నాలుగు పంక్తులు పేరు చెప్పక తీసికొన్నచో ఎంతటి దండన కలుగునో, ఇవన్నియు ఒక యేడు ముందు వచ్చినవాడు వంటయింటిలో ఉల్లిపాయలు తఱుగుచు చెప్పినట్లు ఎవరును చెప్పలేరు. 2024 ఏప్రిలులో స్కాట్లండు దేశమున టమ్మెల్ నదీజలపాతముకడ మన విద్యార్థు లిద్దఱు మునిగి మరణించిరి. ఆ నీటి చలి యెంతటిదో, పైకి నెమ్మదిగ కనబడు ప్రవాహము లోపల నెట్టిదో కృష్ణా గోదావరులలో ఈదిన మాత్రమున తెలియదు. ముందువచ్చినవారు క్రొత్తవారికి తప్పక చెప్పవలసిన మాటలలో ఇదియు నొకటి.

ఇక తోటివారి సాయమనునది ఎల్లప్పుడును అమృతమేయని మేము చెప్పజాలము. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మోసపు సంస్థయని బయటపడినప్పుడు, అందు చేరిన మన విద్యార్థులలో కొందఱి కాళ్లకు జాడ తెలుపు యంత్రములను తగిలించిరి. ఆ అవమానమునకు మన దేశమంతయు మండిపడెను. అయినను ఎనిమిదేండ్లకు మరల అదే గతి పట్టినది. మిషిగాను రాష్ట్రమున ఫార్మింగ్టను విశ్వవిద్యాలయమను పేర అమెరికా వలసశాఖవారే యొక బూటకపు సంస్థను నిలిపిరి. అందు గురువులు లేరు, తరగతులు లేవు. ఇంచుమించు ఆఱువందలమంది చేరిరి. 2019 జనవరిలో నిర్బంధములు మొదలుకాగా పట్టుబడినవారిలో అధికసంఖ్యాకులు తెలుగువారు. చదువు పేర వల పన్నిన ఆ ప్రభుత్వపు పద్ధతి గర్హ్యమే. అందులోనికి వెళ్లిన వారందఱును అమాయకులని మేము వాదింపము. చదువక ఉద్యోగము చేయవచ్చునను ఆశతో చేరినవారును ఉన్నారు. మాకు గుండెకోత కలిగించునది వేఱొకటి. ఒక్కొక్కరిని చేర్చినందుకు రుసుము పుచ్చుకొనిరని ఎనమండ్రు మధ్యవర్తులపై నేరము మోపబడెను. వారును మనవారే. తమ్ముడా యని పిలిచిన నోటితోనే బేరమాడిరి! పరాయివాడు చెప్పిన ఆ బాలుడు నమ్మియుండునా? తెలుగుపలుకు విని నమ్మెను.

కావున సాయము చేయువాడు లాభము కోరనివాడై యుండవలెను. బహిరంగముగ, పదిమంది యెదుట, విశ్వవిద్యాలయము నెఱిగిన సంఘము ద్వారా సాయము చేయవలెను. చదువు సాగు దినములలో ఆవరణలోపలనే, వారమునకు ఇరువది గంటలకు మించకుండ పనిచేయవచ్చునను నియమమును తాను మీఱుచు, క్రొత్తవానికి ఆ దారియే చూపువాడు స్నేహితుడు కాడు. చాలచోట్ల భారతీయ విద్యార్థిసంఘములు విమానాశ్రయమునకు వాహనము పంపి, క్రొత్తవారికి వారము పదిదినములు తమ గదులలో చోటిచ్చుచున్నవి. కటికనేలపై పఱుపు పఱచి యిచ్చిన ఆ యాతిథ్యము మిక్కిలి శ్లాఘనీయము. పెద్దవారి తెలుగుసంఘములును ఆపదలలో, ముఖ్యముగ మరణించినవారి దేహమును స్వదేశమునకు పంపుటలో, గొప్ప సేవ చేయుచున్నవి. ఒకే జాతికి ఇన్ని సంఘము లేలయని, అందు కులము పేర చీలికలేలయని అడుగవలసియున్నది గాని, దానికొక ప్రత్యేక వ్యాసమే కావలెను. మరణించిన పిదప చందాలు పోగుచేయుటలో చూపు శ్రద్ధలో సగము, జీవించియున్నప్పుడు పలుకరించుటలో చూపిన బాగుండునని మాత్రము మనవి.

ఏలయన మన బిడ్డల అసలు శత్రువు మౌనము. పరీక్ష తప్పినను, పని దొరకకున్నను, నిద్ర పట్టకున్నను ఇంటికి చెప్పరు. తండ్రి ఋణము కంటియెదుట కదలాడును. వారమువారము మాటలాడుదురు, తిన్నావా యన్న ప్రశ్నకు తిన్నానందురు. ఈ దాపరికమున మన తలిదండ్రుల పాలును తక్కువ కాదు. ప్రక్కింటివాని కొడుకు జీతము నెత్తి చూపినచోట నోరు విప్పు బిడ్డ యుండడు. అక్కడి విశ్వవిద్యాలయములలో పెక్కింట మనోవ్యాధికి సలహాలిచ్చు వైద్యశాఖ కలదు. దాని ఖర్చు చాలచోట్ల విద్యార్థి కట్టిన రుసుములలోనే చేరియున్నది. 2022 జులై నుండి అమెరికాలో ఎవరైనను 988 అను సంఖ్యకు ఫోను చేసి మనోవేదన చెప్పుకొనవచ్చును. అచ్చటికి పోవుట పిచ్చివారి పనియని మనవారు తలంతురు. ఒక పెద్దవిద్యార్థి, నేనును వెళ్లితినని చెప్పిన ఆ తలంపు తొలగును. వైద్యుడు నూఱుమాఱులు చెప్పినను తొలగదు.

మఱియొక మాట. ఒకే యింట ఆఱుగురు తెలుగువారు చేరి, తెలుగు చిత్రములే చూచి, రెండేండ్లకు తిరిగివచ్చిన వా రున్నారు. సొంతభాష వినబడుచోట మనసు తేరుకొనును, నిజమే. కాని ప్రక్కగదిలోని నైజీరియా విద్యార్థియు, చైనా విద్యార్థినియు అదే చలిలో, అదే యొంటరితనమున, అదే వీసా భయమున కాలము గడపుచున్నారు. మన సంఘముల చాప వారికిని పఱచవలెను.

మన పట్టణముల గ్రంథాలయములు ఈ విషయమున చేయదగిన పని యున్నది. జ్యేష్ఠమాసముననే, విమానపు టికెట్లు కొనకముందే, ఆ యూరినుండి వెళ్లి చదివి వచ్చినవారిని ఒక ఆదివారము పిలిపించి, వెళ్లబోవు పిల్లలను వారి తలిదండ్రులతో గూడ కూర్చుండబెట్టవలెను. గెలిచినవారినే కాక, నడుమ చదువు చాలించి వచ్చినవారినిగూడ గౌరవముతో పిలువవలెను. వారు చెప్పవలసినది ఎక్కువ. ఆడపిల్లల సందేహములు ఆడపిల్లలే తీర్పవలెను గాన వారి కొక ప్రత్యేక సమావేశ ముండవలెను. ఏ ఊరిలో ఏ విశ్వవిద్యాలయమున మన విద్యార్థు లెవ రున్నారో, వారి సమ్మతితో, ఒక పుస్తకమున వ్రాసి పఠనమందిరమున ఉంచవలెను. దీనికి పెద్ద ధనము అక్కఱలేదు. బల్లయు, పుస్తకమును, దానిని ఏటేట సరిచూచు ఒక కార్యదర్శియు చాలును. ఆషాఢము వచ్చులోపల ఆ పుస్తకము సిద్ధము కావలెను, ఏలయన శ్రావణమున పిల్లలు మనకు దొరకరు.