పిల్లలతో కూర్చుని చూద్దాం: కరెంటు పోయిన రోజు

మా వాడి కీబోర్డు మూడు నెలలుగా బీరువా మీదే ఉంది. వినాయక చవితి పందిట్లో పక్క లైన్ అబ్బాయితో కలిసి వాయించేవాడు. వీడు కీబోర్డు, ఆ పిల్లోడు ప్యాడ్. ఆ పిల్లోడు ఎస్సెస్సెల్సీ అవగానే పనిలో చేరాడు, ప్రాక్టీసుకి రావడం మానేశాడు. తర్వాత డబ్బులిస్తారని వేరే ఆర్కెస్ట్రాతో వర్తూరు కోడి దగ్గర వాయించాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. "పోనీలేరా, పీయూసీ ఉంది, చదువుకో" అన్నాను నేను. అట్లా అన్నందుకు ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది.

పోయిన ఆదివారం వాడు ఫోన్లో ఏదో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చున్నాను. అనిమే అంటే చిన్నపిల్లల కార్టూన్ అనుకునేదాన్ని. ఇది అట్లాంటిది కాదు. పేరు 'కిడ్స్ ఆన్ ది స్లోప్'. 2012లో జపాన్ టీవీలో వచ్చింది. యూకి కొడామా రాసి బొమ్మలు వేసిన కథని షినిచిరో వతనబే తీశాడు. సంగీతం యోకో కన్నో అనే ఆవిడ.

కథ 1966లో జరుగుతుంది. ససెబో అనే ఓడరేవు ఊరు. అమెరికా నౌకాదళం మకాం ఉన్న చోటు. బడికి కొండదారి ఎక్కి పోవాలి, పేరులోని స్లోప్ అదే. కవోరు అనే పిల్లోడి నాన్న ఓడ మీద పనిచేస్తాడు. అందుకని వీణ్ణి బంధువుల ఇంట్లో పెట్టాడు. అక్కడ అన్నం ఉంది, ఆదరణ లేదు. పియానో మాత్రం చక్కగా నేర్చుకున్నాడు. సెంతారో అనే ఇంకో పిల్లోడంటే బడంతా భయం, ఎప్పుడూ కొట్లాటలే. వీళ్ళిద్దరినీ కలిపేది రిత్సుకో. ఆ పిల్ల వాళ్ళ నాన్నకి రికార్డుల కొట్టు ఉంది. కొట్టు కింద నేలమాళిగలో డ్రమ్స్, పియానో ఉంటాయి. అక్కడ సెంతారో డ్రమ్స్ మీద జాజ్ వాయిస్తుంటే కవోరు నోరు తెరుచుకుని చూస్తాడు.

జాజ్ అమెరికాలో నల్లజాతి వాళ్ళ దగ్గర పుట్టిన సంగీతం. పాట వరస ఉంటుంది గానీ మధ్యలో అప్పటికప్పుడు కల్పించుకోవాలి. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినకపోతే కుదరదు. మన జాతరలో తప్పెట్లు కొట్టేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని దరువు మారుస్తారు చూడండి, అట్లాగే.

సెంతారో ఎందుకు కొట్లాడతాడో మెల్లగా తెలుస్తుంది. అమెరికావాడికి పుట్టిన బిడ్డని చిన్నప్పట్నుంచి మాటలు పడ్డాడు. సొంత ఇంట్లోనే పరాయివాడు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అంటే మాత్రం ప్రాణం.

ఏడో భాగం తప్పకుండా చూడండి. సెంతారోని ఇంకో కుర్రాడు తన రాక్ బృందంలోకి పిలుస్తాడు. ఆ కుర్రాడి ఇంట్లో పేదరికం, పాటగాడై ఇల్లు నిలబెట్టాలని వాడి ఆశ. కవోరు అలిగి మాట్లాడడం మానేస్తాడు. బడి పండగ రోజు వేదిక మీద పాట మధ్యలో కరెంటు పోతుంది. గిటార్లు మూగబోయాయి, పిల్లలు లేచిపోతున్నారు. అప్పుడు కవోరు పోయి పియానో దగ్గర కూర్చుంటాడు. పియానోకి కరెంటు అక్కర్లేదు, డ్రమ్స్‌కీ అక్కర్లేదు. క్షమించమని ఎవరూ అనలేదు. కొన్ని నిమిషాలు వాయించుకుంటారు, అంతే. నాకు కళ్ళు తడిసినాయి, మావాడు చూడకుండా తుడుచుకున్నాను. నిజం వాద్యకారులు వాయిస్తుంటే వీడియో తీసి, ఆ చేతుల కదలిక చూసి బొమ్మలు గీశారంట. అందుకే దెబ్బ ఎక్కడ పడుతుందో శబ్దం అక్కడే వస్తుంది.

లోపం లేదని కాదు. పెద్ద కథని కుదించడంతో చివరి భాగాల్లో పరుగులు పెట్టారు. ప్రేమల గొడవ కూడా నాకు కాస్త ఎక్కువనిపించింది. కొట్లాటలు, సిగరెట్లు ఉన్నాయి, మరీ చిన్నపిల్లలకి వద్దు.

ఏడో భాగం అయ్యాక "ఆ పిల్లోడికి ఇంట్లో ఏం కష్టమో ఎప్పుడైనా అడిగావా?" అన్నాను. మావాడు పలకలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం, వాడి షిఫ్టు ఎన్నింటికి అయిపోతుందో తెలుసా అని నన్నడిగాడు. పదింటికి అన్నాను.

మొత్తం 12 భాగాలు, ఒక్కోటి అరగంట కూడా ఉండదు. మాటలు జపనీస్‌లో, కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. నాకు మావాడు చదివి చెప్పాడు.